పైసలడగని మెయిలు

జగిత్యాల నుంచి కోరుట్లకు పోయే బస్సుల్లో కిటికీ అద్దాలు రెండు రకాలు: తెరుచుకోనివి, మూసుకోనివి. వాన పడిన రోజు నాకు రెండో రకమే దొరుకుతుంది. ఆ రోజూ అక్కావాళ్ళింటికి ఎడమ భుజం తడుపుకునే చేరాను.

బావకు గల్ఫ్ నుంచి మెయిలొచ్చిందని అక్క పిలిపించింది. ఈ విషయంలో నాకు కాస్త పేరుంది. సిరిసిల్లలో మరమగ్గం నడిపే మేనత్త కొడుక్కి లాటరీ తగిలిందని మెయిలొస్తే, వాడసలు లాటరీ కొననే లేదన్న ఒక్క ఆధారంతో దొంగదని తేల్చాను. అప్పటినుంచి చుట్టాలకు నేను నిపుణుణ్ణి.

బావ దుబాయిలో పదేళ్ళు క్రేన్ నడిపాడు. కంపెనీ మూతపడి ఇంటికొచ్చాక ఏడాదిగా పని లేదు. ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి ఫోన్ నా చేతికిచ్చి, నేను చదువుతున్నంతసేపూ నా ముఖమే చూశాడు. క్రేన్ ఆపరేటర్ ఉద్యోగం. వీసా, మెడికల్, టికెట్ అన్నీ కంపెనీవే. వారంలోగా పాస్‌పోర్ట్ కాపీ పంపాలి. కింద ఎవరిదో పేరు, ఫోన్ నంబరు.

"పైసలెన్నడుగుతున్నరు?"

"అడుగుతలేరు బావా."

"అసలుకే అడుగుతలేరా?"

ఏజెంటుకు కట్టకుండా గల్ఫ్‌కు పోయినవాణ్ణి మేమిద్దరం ఎన్నడూ చూడలేదు. పైగా తొందరపెడుతున్నారు, పాస్‌పోర్ట్ అడుగుతున్నారు. పేర్లంటారా, దొంగలకూ ఉంటాయి. "దొంగదే," అన్నాను. అక్క చాయ్ తెచ్చేలోపే బావ దాన్ని తీసేశాడు. నేను రెండు కప్పులు తాగాను.

నెల తిరక్కముందే తంగళ్ళపల్లి నుంచి దావత్‌కు పిలుపొచ్చింది. దుబాయిలో బావతో ఒకే గదిలో ఉన్న దోస్తు మళ్ళీ పోతున్నాడు. మటన్ ఉందంటే నేనూ వెళ్ళాను.

"నీకు గూడ మెయిలచ్చింది గదరా, జవాబెందుకియ్యలే?" అన్నాడు దోస్తు, బావకు వడ్డిస్తూ. "మన పాత ఫోర్‌మనే గా కంపెనీల చేరిండు. ఒక్క పైస అడగలే."

"దొంగ మెయిలనుకున్నం."

"దొంగదేందిరా! కింద ఫోర్‌మన్ పేరే ఉండె, నంబరుండె."

నేను చేతిలోని మటన్ బొక్కను శ్రద్ధగా పరిశీలించాను.

"ఇప్పుడు పంపితే?" అన్నాడు బావ.

"జాగలు నిండినయి."

బావ చేయి కడుక్కుని వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

"గా పేరొక్కటి సదివి చెప్తే ఏం పోయేది, బామ్మర్దీ?"