ఓదెమ్మ వెతికిన గొంతు

నెల్లికుదురు బస్టాండు పక్కన నాకొక ఆన్‌లైన్ సెంటర్ ఉంది. ఆధార్ సవరణలు, కరెంటు బిల్లులు, పిల్లల హాల్‌టికెట్లు, ఇవీ నా పని. నా పేరు లత. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అంటారు. ఉంటుంది మరి. ఒకే ముసలాయన పేరు ఆధార్‌లో ఒకలా, పాసుపుస్తకంలో ఇంకోలా, రేషన్ కార్డులో మరోలా రాసిపెట్టి, ఆ ముగ్గురూ నువ్వేనని నిరూపించుకో పొమ్మంటే, ఆ ముసలాయన ఎండలో వచ్చి నా ముందు చేతులు కట్టుకుని నిలబడితే, కోపం రాక ఏమొస్తుంది?

ఓదెమ్మ మాత్రం ఏ కార్డు కోసమూ రాలేదు. కూతురి గొంతు కోసం వచ్చింది.

మా మండలంలో ఓదెమ్మను ఎరగని ఆడమనిషి లేదు. నాట్ల కాలంలో ముఠా కట్టేది. ఆమె పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవారు, నడుము నొప్పి సంగతి మరిచిపోయి మడి పూర్తి చేసేవారు. ఎవరింట్లో చావు జరిగినా ఓదెమ్మ శోకం తీయాల్సిందే. పోయినవాడి మంచితనాన్ని వరుసలు కలిపి ఆమె ఏడుస్తుంటే, "వీడు గింత మంచోడని మనకు ఎర్కలేకపాయె" అని బతికున్నవాళ్ళు ముక్కున వేలేసుకునేవారట. మా అమ్మ చెప్పి నవ్వేది.

భర్త సారయ్య బావి తవ్వకంలో మట్టిపెళ్ళలు కూలి పోయాడు. మిగిలింది ఒక్కతే కూతురు, తిరుమల. తల్లిది బరువైన గొంతు, కూతురిది సన్న గొంతు. 2012లో పట్నంలోని ఒక సంస్థవాళ్ళు పల్లెపాటలు రికార్డు చేసుకుంటూ మా వైపు వచ్చారు. తల్లీకూతుళ్ళను ఒక అరుగు మీద కూర్చోబెట్టి పాడించుకుని పోయారు. ఆ తర్వాత రెండేళ్ళకు తిరుమలకు డెంగీ జ్వరం వచ్చింది. వరంగల్ తీసుకుపోయేసరికే ఆలస్యమైంది. ఊరందరి బిడ్డలకూ శోకం తీసిన ఓదెమ్మకు సొంత బిడ్డ పాడె ముందు గొంతు పెగల్లేదు. ఆ తర్వాత కూలికి పోయింది, నాట్లు వేసింది, కానీ ఎన్నడూ పాడలేదు.

మొన్న వానాకాలంలో ఒక మధ్యాహ్నం కాళ్ళకు బురదతోనే నా సెంటర్‌కు వచ్చి కూర్చుంది.

"లతా, బిడ్డా, దాని మొఖం యాదికున్నది. ఫోటో ఉన్నది, చూసుకుంటున్న. గొంతే యాదికొస్తలేదు. మొన్నటిదాంక చెవులల్ల ఇనొస్తుండె. ఇప్పుడు ఎంతగనం తలుసుకున్నా వస్తలేదు. గా పట్నపోళ్ళు పట్టుకపోయిన పాట ఉంటది గదా, జర ఇనిపియ్యవా?"

తిరుమల పోయేనాటికి మా పల్లెల్లో ఫోన్లలో గొంతులు దాచుకునే అలవాటు ఇంకా రాలేదు. ఆ పిల్ల గొంతు ఈ లోకంలో మిగిలి ఉంటే ఆ రికార్డులోనే ఉండాలి. గంటలో పని అనుకుని, చాయ్ తెప్పించి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఆ సంస్థ పాటలన్నింటినీ ఒక వెబ్‌సైటులో పెట్టింది. వేలకు వేలు. ప్రతి పాట వెంటా ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ సంవత్సరం, దేని గురించి అని నాలుగు ముక్కలు రాసి పెడతారు. దాన్ని మెటాడేటా అంటారు. ఆ సైటుకు చెవులు లేవు. ఆ నాలుగు ముక్కలు చూసే పాటను వెతికి ఇస్తుంది. అవి తప్పయితే పాట ఉన్నా లేనట్టే.

'తిరుమల' అని కొట్టాను. ఏడుకొండలవాడి భజనలన్నీ వరుసకట్టి వచ్చాయి. 'ఓదెమ్మ, నెల్లికుదురు' అని కొట్టాను. ఓదెమ్మ పాటలు వచ్చాయి. ఒకటి పెట్టగానే పాతకాలపు ఆ గొంతు సెంటర్ అంతా నిండింది. హాల్‌టికెట్ల కోసం వచ్చిన పిల్లలు కూడా తలలు తిప్పి చూశారు. ఓదెమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాదెందుకు బిడ్డా, దానిది పెట్టు."

దానిది లేదు. ఒకే పూట, ఒకే అరుగు మీద పాడిన ఇద్దరినీ, గాయని పేరును బట్టి పాటలు సర్ది విడదీశారు. ఇక చేసేదేముందని మా మహబూబాబాద్ జిల్లా కింద ఆడవాళ్ళు పాడినవన్నీ ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టాను. ఓదెమ్మ పని దిగి రోజూ వచ్చేది. సన్న గొంతు వినబడితే చాలు, కుర్చీలోంచి ముందుకు వంగేది. రెండు చరణాలయ్యాక "గాదు" అనేది. ఆ మాట విని విని నాకు పిచ్చెక్కింది. ఎవరెవరి బిడ్డలో పాడుతున్నారు, ఈమె బిడ్డ తప్ప.

ఒకనాడు ఓపిక చచ్చి అడిగాను. "అవ్వా, అసలు తిరుమల పేరు రాయించినవా, లేదా?"

ఓదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు చెప్పింది. తిరుమలకు ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. ఈ పిల్ల పుట్టగానే చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టి, ఎవరికీ అక్కరలేని పిల్ల అన్నట్టుగా మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకున్నారు. చావు కన్ను పడకుండా మా దగ్గర అలా చేస్తారు. ఇంట్లో 'పెంటి' అనే పిలిచేది. తిరుమల అన్నది బడి సారు రాసిన పేరు. దాన్ని ఓదెమ్మ కొత్తవాళ్ళ ముందు పలికేదే కాదు.

"పేరేందని అడిగిండు పట్నపు సారు. గొంతేమో పట్టుకపోతున్నరు, పేరు గూడ ఇస్తె ఇంకేముంటది నా దగ్గర? దిష్టి తాకుతదని భయమైంది. దీనికి పేరు లేదు సారూ అన్న."

"గీ ముచ్చట ముందే చెప్పొద్దా?" అని అరిచాను. అరిచాక నా మీద నాకే అసహ్యం వేసింది.

గాయని పేరు గడిలో 'లేదు' అని కొట్టాను. ఒక్కటంటే ఒక్కటే వచ్చింది. అది భూపాలపల్లి జిల్లా కింద ఉంది! అప్పట్లో ఈ పాటకు ఊరి పేరు వదిలేసి వరంగల్ జిల్లా అని మాత్రమే రాసుకున్నారు. తర్వాత జిల్లాలు ముక్కలయ్యాయి కదా. ఊరి పేరు లేని పాటలన్నింటినీ ఎవరో మహానుభావుడు పట్నంలో కూర్చుని మూటగట్టి భూపాలపల్లికి తోలేశాడు. ఆ పాట ఎదురుగా రాసి ఉన్నది గట్టిగా చదివాను.

"గాయని పేరు: లేదు. వయసు సుమారు ఇరవై. నాటు పాట. మొదటి మాటలు, 'నారుముడికి నవ్వొచ్చె'."

"గది నేను కట్టిన పాటే!" ఓదెమ్మ లేచి నిలబడింది.

నేను చదువుతూ పోయాను. "పాట ఎత్తుకోగానే గాయని నవ్వుతుంది. పక్కనున్న స్త్రీ 'నవ్వకే, ఇజ్జత్ పోతది, మంచిగ పాడు' అని మందలిస్తుంది. గాయని మళ్ళీ మొదలుపెట్టి చివరిదాకా పాడుతుంది."

ఓదెమ్మ కళ్ళ నుండి నీళ్ళు కారిపోతున్నాయి. "నవ్వకే అన్ననా? నేనే అన్ననా గట్ల?"

నేను పాట మీద నొక్కాను. తెల్లటి తెర వచ్చింది. ఫైలు అందుబాటులో లేదు అని ఉంది. మళ్ళీ నొక్కాను. పక్క కంప్యూటర్‌లో నొక్కాను, నా ఫోన్‌లో నొక్కాను. అదే మాట.

సంస్థకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. అక్షయ అనే అమ్మాయి ఎత్తింది. ఓపిగ్గా విని, లోపలికి పోయి చూసి వచ్చింది.

"మేడమ్, పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చేటప్పుడు కొన్ని పాటలు పోయినయి. వాటి వివరాలు వేరే దగ్గర ఉంటయి కాబట్టి అవి మాత్రం పోలేదు."

"అసలు రికార్డు ఉంటది గదా?"

"లేదు మేడమ్. అప్పట్ల మెమరీ కార్డులు తుడిచి మళ్ళ వాడుకున్నరట."

ఓదెమ్మ ఫోన్ వైపు వంగింది. "అంటే మూట మీది చీటీ ఉన్నది, లోపలి విత్తనాలు పోయినయి. గంతేనా బిడ్డా?"

"గంతేనమ్మా" అంది అక్షయ.

కనీసం తిరుమల అని పేరైనా ఎక్కించమని అడిగాను. పేరు చేర్చాలంటే తెలిసినవాళ్ళు రికార్డు విని, ఆ గొంతు ఆమెదేనని గుర్తుపట్టాలట. రూలు అది. "ఇనడానికి ఏమున్నదమ్మా మీ దగ్గర?" అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ పిల్ల సారీ చెప్పింది. ఆ గొంతులో ఏడుపు ఉంది. ఆమెను తిట్టి ఏం లాభమని ఫోన్ పెట్టేశాను.

ఓదెమ్మ మళ్ళీ చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. నవ్విందన్న దగ్గర ఆపి, కళ్ళు మూసుకుని, ఆ నవ్వు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"పేరు కాడ ఏమున్నది బిడ్డా, ఇంకోపారి చెప్పు."

"లేదు అని ఉన్నది అవ్వా."

ఓదెమ్మ తలూపింది.

"ఇంట్ల బియ్యం అయిపోతె గూడ లేవు అని నోట్లకెళ్ళి రానియ్యం. నిండుకున్నయి అంటం. గా మాటంటె మనకు గంత భయం. కన్నబిడ్డకేమో పేరు లేదని నా నోటితోనే అంటి."