మనిషి నీటి మీద ఉండగా

నా ఉద్యోగం మనుషుల దిగులును కొలవడం. ఈ మాట చెబితే శృంగవరపుకోటలోని మా చుట్టాలు నవ్వుతారు. కుంచంతో కొలుస్తావా, తక్కెడలో తూస్తావా అని మా మేనత్త ప్రతి పెళ్లిలోనూ అడుగుతుంది. నేను క్లినికల్ సైకాలజిస్టుని. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఆసుపత్రికి వారానికో రోజు వెళ్తాను. కుంచమూ తక్కెడా లేవు గాని నా దగ్గర ప్రశ్నల కాగితం ఒకటి ఉంది. గడిచిన రెండు వారాల్లో నిద్ర పట్టిందా, ఆకలి వేసిందా, దేని మీదా మనసు పోకుండా ఉందా అని అడుగుతూ పోతాను. అస్సలు లేదంటే సున్నా, దాదాపు రోజూ అంటే మూడు. అన్నీ కూడితే ఎంత వచ్చిందో చూసుకుని, మందు కావాలా, మాట సరిపోతుందా అని డాక్టరుగారూ నేనూ తేల్చుకుంటాం. చివరి ప్రశ్న చావు గురించి. దానికి మాత్రం కూడికతో పని లేదు. అవునంటే ఆ మనిషిని ఆ రోజు అలా ఇంటికి పంపం.

ఆ కాగితాన్ని వెక్కిరించేవాళ్లంటే నాకు పడదు. ఏడుపు గొంతులో అడ్డం పడి మాట రాని మనిషికి అది కాస్త ఆసరా. నా మటుకు నేను నింపుకుంటే ఐదో ఆరో వస్తాయి, అందులో సగం మా ఆయన పుణ్యమే. ఆ కాగితం మీద అంత గురి ఉండబట్టే, ఆ అత్తాకోడళ్లు వచ్చిన రోజు నాకు ఒళ్లు మండింది.

అత్తకు అరవై దాటి ఉంటాయి. చేపల గంప మోసి మోసి మెడ ముందుకు వంగింది, గొంతు మాత్రం వంగలేదు. కోడలు పాతికేళ్ల లోపు పిల్ల. మొగుడు గుజరాత్ బోట్ల మీద చేపల వేటకు వెళ్లాడు. మా తీరంలో చాలా ఇళ్ల మగవాళ్లు అలాగే వెళ్తారు, ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడి సముద్రం మీదే గడుపుతారు. ఓపీ చీటీ తిప్పి చూస్తే, నెల కిందట ఆ పిల్లకు ఐదో నెల కడుపు పోయిందని రాసి ఉంది. మనిషి ఎంత చిక్కిపోయిందంటే గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

నేను అడగడం, అత్త జవాబు చెప్పడం. నిద్రా? సుబ్బరంగా తొంగుంటాది. తిండా? మా అందరికన్నా ఎక్కువే తింతాది. ఏడుస్తుందా? ఎందుకేడుస్తాది, దానికేటి తక్కువ? ఇంతకీ ఒంట్లో బాగోనిది ఎవరికమ్మా అని అడిగి, ఆమెను బయట కూర్చోమన్నాను. ఆమె ఏమాత్రం నొచ్చుకోలేదు. కొంగు దులుపుకుని వెళ్లి, గుమ్మం అవతల అన్నీ వినపడే చోటు చూసుకుని కూర్చుంది. కోడలూ అవే జవాబులు చెప్పింది, కాకపోతే నేలకేసి చూస్తూ మెల్లగా చెప్పింది. కూడితే సున్నా వచ్చింది.

సున్నా అయితే పంపెయ్యండి, బయట చాలామంది ఉన్నారన్నారు డాక్టరుగారు. సున్నా వచ్చిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదండీ, మీకు వచ్చినా అనుమానిస్తాను అన్నాను. ఆయనకు నా నోరు అలవాటే. వచ్చే వారం మళ్లీ రమ్మని వాళ్లను పంపాం.

తర్వాతి వారమూ సున్నాయే. ఈసారి గాజులు జారిపోకుండా ఆ పిల్ల మణికట్టుకు దారం చుట్టుకుని వచ్చింది. అది చూశాక నాకు ఓపిక పోయింది. బయటికి వచ్చి, ఇంత బాగున్న మనిషిని బస్సెక్కించి రెండుసార్లు ఎందుకు తెచ్చినట్టు అని అత్తను గట్టిగానే అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని వరండా చివరికి నడిపించింది.

"ఆడు నీటి మీదున్నాడమ్మా," అంది. "మనిసి నీటి మీదుండగా ఇంట్లో ఆడది బాగోలేదని నోటితో అనకూడదు. నాను అనకూడదు, అదీ అనకూడదు. అందుకే నీ కాడికి తెచ్చినాను. సదువుకున్నదానివి, మేం సెప్పకుండా సూడలేవేటి?"

వాళ్ల ఇళ్లలో అది కట్టుబాటు. మగవాడు వేటలో ఉన్నంతకాలం ఇంట్లో మంచి మాటే పలకాలి. చెడ్డ మాట నీళ్ల దాకా పోతుందని నమ్మకం. ఎప్పుడో అత్త మొగుడు వేటకు పోయి తిరిగి రాలేదు. ఆ పొద్దున ఒంట్లో బాగోలేదని తాను అన్నందుకే అలా జరిగిందని ఆమె ఇప్పటికీ అనుకుంటోంది. అలాంటిదేమీ లేదమ్మా అని చెప్పాను గాని, నా మాట అక్కడ చెల్లలేదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనే ఇంట్లోనే నేనూ పుట్టాను, ఏం వాదిస్తాను? కోడలికి కడుపు పోయిన సంగతి కొడుక్కి కూడా ఇంకా చెప్పలేదట. బోటు రేవుకు చేరి, వాడు నేల మీద కాలు పెట్టి ఫోను చేస్తే అప్పుడు చెప్పొచ్చు. అప్పటిదాకా ఆ పిల్ల బాగున్నాననే అనాలి.

నేను కళ్లతో చూసిందంతా చెబితే, డాక్టరుగారు ఆ సున్నాను పక్కన పెట్టి మందు మొదలుపెట్టారు. నా బెంగ చివరి ప్రశ్న గురించి. చిక్కిపోయిన చెయ్యి చూస్తే తిండి లేదని తెలుస్తుంది గాని, ఆ పిల్ల బతకాలనుకుంటోందో లేదో తెలియదు. అది ఆమె నోటి నుంచే రావాలి. అత్తకు నా ఫోన్ నంబరు ఇచ్చి, వాడు ఒడ్డెక్కిన వెంటనే కబురు చెయ్యి, నేను వచ్చే రోజు కాకపోయినా వస్తానన్నాను. ఆ తర్వాత ఇంట్లో అందరి మీదా విసుక్కుంటూ తిరిగాను. గుజరాత్‌లో వాతావరణం ఎలా ఉందో ఫోన్లో చూసుకోవడం నా జన్మలో అదే మొదలు. మా ఆయన చూసి, అక్కడేమైనా పొలం కొన్నావా అన్నాడు.

విజయనగరం రైతుబజారులో వంకాయలు ఏరుతుండగా ఫోను వచ్చింది.

"ఎక్కినాడు," అంది అత్త. ఫోను పెట్టేసింది.

వంకాయలు అక్కడే వదిలేసి బస్సెక్కాను. నేను చేరేసరికి ఇద్దరూ వరండాలో ఉన్నారు. పిల్ల కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. మొగుడికి అంతా చెప్పేసిందట, అవతల వాడూ ఏడ్చాడట. దొరికిన బండెక్కి వచ్చేస్తానన్నాడట. లోపలికి పిలిస్తే, అత్త ఈసారి తనంతట తనే బయట ఉండిపోబోయింది. కోడలు ఆమె కొంగు పట్టుకుని వదల్లేదు. ఇద్దరినీ కూర్చోబెట్టాను.

మొదటి ప్రశ్నకే ఆ పిల్లకు ఏడుపు ఆగలేదు. నిద్ర లేదు, ఆకలి లేదు, పొద్దున్న లేవబుద్ధి కాదు. అన్నిటికీ రోజూ, రోజూ, రోజూ. అత్త కోడలి వీపు నిమురుతూ కూర్చుంది. చివరి ప్రశ్న అడిగాను.

పిల్ల అత్త వైపు తిరిగింది.

"ఎల్లాను అత్తా," అంది. "మద్దినేళ అందరూ తొంగున్నప్పుడు నీళ్ల కాడికి ఎల్లేదాన్ని. కాసేపు నిలబడి, మళ్లీ ఒచ్చేసేదాన్ని."

"ఎరుగుదును," అంది అత్త. "నీ ఎనకాలే ఒచ్చినాను గదే. ఎల్లినప్పుడల్లా."

కోడలు ఆమె ఒళ్లో తల పెట్టేసింది. రోగి ముందు ఏడవకూడదని మాకు చదువులో చెబుతారు. నేను ఏడ్చాను, దాచుకోను కూడా లేదు.

తర్వాత జరగవలసినవి జరిగాయి. డాక్టరుగారు పిల్లను ఆసుపత్రిలోనే ఉంచి మందు మార్చారు. మొగుడు వచ్చి చాలా రోజులు ఉన్నాడు. నేను వారం వారం మాట్లాడుతూనే ఉన్నాను. ఆమె మెల్లగా తేరుకుంది. ఈమధ్య నన్నే, మీరు చిక్కిపోయారేటి అని అడుగుతోంది.

ఆ రోజు మాత్రం నేను ఒక పని చెయ్యలేకపోయాను. చివరి ప్రశ్నకు అవునని జవాబు వస్తే, ఇంటివాళ్లను పిలిచి, ఈ మనిషిని ఒక్క క్షణం ఒంటరిగా వదలొద్దు, కనిపెట్టుకుని ఉండండి అని గట్టిగా చెప్పడం మా పద్ధతి. ఆ మాట చెప్పడానికే అత్త దగ్గరికి వెళ్లాను. మంచం పక్కన నేల మీద కూర్చుని, నిద్రపోతున్న కోడలి కాలు మీద చెయ్యేసి ఉంది. ఏటమ్మా అంది. ఏం లేదు, నువ్వేమైనా తిన్నావా అని అడిగాను.