నాలుగు ఎర్ర వైర్లు

ఆయన చెవులకు ఏమీ కాలేదు. చెప్పాల్సిన రోజున నాకు నోరు పెగల్లేదు కాబట్టి, కనీసం ఇక్కడైనా ఆ ముక్క ముందే రాసేస్తున్నాను.

డెబ్బైల మొదట్లో అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు వెనక సందులో నాకో రేడియో రిపేరు కొట్టు ఉండేది. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మా నాన్న బెజవాడ నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాకు చదువు అబ్బక సోల్డరింగ్ ఐరన్ పట్టాను. పని వచ్చు. వచ్చినదానికి రెండింతలు పొగరు కూడా ఉండేది.

నేను చెబుతున్న ఆయన నా కొట్టుకు వచ్చే మనిషి, లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో గుమస్తా. నాంపల్లిలో తాతల నాటి ఇల్లు, యాభైకి దగ్గర పడిన వయసు. పగలంతా ఫైళ్లు, సాయంత్రాలు పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటార్. "ఆఫీసుల నన్నెవరు పట్టించుకుంటరు తమ్మీ? గిటార్ పట్టిన్నంటే పెండ్లికొడుకు గూడ సలాం కొడ్తడు" అని నవ్వేవాడు. ఆ ఆర్కెస్ట్రాలో కుర్చీయే ఆయనకు ప్రాణం. అది నాకు బాగా తెలుసు.

ఒకరోజు ఎవరో విదేశం నుంచి తెచ్చిచ్చిన హంబకర్ పికప్ పట్టుకొచ్చాడు. గిటార్ తీగల కింద కూర్చుని, వాటి కదలికను కరెంటుగా మార్చి ఆంప్లిఫయర్‌కు పంపేదే పికప్. ఆయన పాతదాంట్లో ఒకటే కాయిల్, అంటే సన్న రాగితీగ చుట్టు. పందిట్లో ట్యూబులైట్లు వెలిగాయంటే జుమ్మని ఒకటే మోత. హంబకర్‌లో రెండు కాయిళ్లు పక్కపక్కన ఉంటాయి. సరిగ్గా కలిపితే ఆ మోత అక్కడికక్కడే అణిగిపోయి, తీగల నాదం మాత్రం నిండుగా వస్తుంది. ఆయనకు ఒక స్విచ్ కూడా కావాలి. పైకి వేస్తే రెండు కాయిళ్లూ, కిందికి వేస్తే ఒక్కటే పలకాలి.

లోపల వెంట్రుకంత సన్నని రాగి కొసలు నాలుగున్నాయి. ఒక్కో కాయిల్‌కు ఒక మొదలు, ఒక చివర. ఏది ఏదో తెలియడానికి వేరువేరు రంగుల వైర్లు అతికించాలి. నా చేతికి అందేంత దూరంలో ఉన్నది ఎర్ర చుట్ట ఒక్కటే. లేచి అటక మీది పచ్చ చుట్ట దింపడానికి బద్ధకం. గుర్తుండదా ఏమిటి అనుకుని నాలుగింటికీ ఎర్రవే అతికించాను.

గిటార్ తీగలు ఆ రోజుల్లో దొరకడమే కష్టం. ఆయన వాటిని విప్పి ఇంట్లో దాచుకుని, గిటార్‌ను బోడిగా ఇచ్చి వెళ్లాడు. అందుకని ఆంప్లిఫయర్‌కు తగిలించి, పికప్ మీద స్క్రూడ్రైవర్‌తో తట్టి చూశాను. మొదటి కాయిల్ టక్ అంది, రెండోదీ టక్ అంది. అయిపోయిందని చెప్పి పంపించాను.

వారం తిరక్కుండా వచ్చాడు. కొట్టు నిండా జనం.

"తమ్మీ, ఒక్కటి పెడితే పాతదాని లెక్కనే ఉన్నది. రెండు కలిపితే ఇంక సన్నగైతున్నది, మోత గూడ ఎక్కువైంది. సౌండ్ సరిగ పెట్టుకుంటలేవని ఆర్కెస్ట్రా మాస్టర్ తిట్టిండు. జర సూడు."

నాకు ఒళ్లు మండింది. రెండు కలిస్తే ఒకటికంటే తక్కువ ఎలా అవుతుంది? నలుగురిలో నా పనికి వంకా! ఈసారీ గిటార్ బోడిగానే తెచ్చాడు; తీగలు తెచ్చి ఒక్కసారి వాయించి వినిపించమని అడిగితే తేలిపోయేది. అడగలేదు. మళ్లీ ఆ దిక్కుమాలిన స్క్రూడ్రైవరే తీసి టక్, టక్ అనిపించాను.

"రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయి సార్. వయసు వస్తోంది కదా, ఓసారి చెవులు చూపించుకోండి."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"గట్లంటవా?" అని నెమ్మదిగా చెవి తడుముకున్నాడు. "అందుకే గావచ్చు."

రెండు నెలల తర్వాత మళ్లీ గిటార్ తీసుకుని వచ్చాడు. ఈసారి తీగలు బిగించే ఉన్నాయి.

"ఆర్కెస్ట్రా ఇడిసిపెట్టిన తమ్మీ. చెవుల్ల మందు ఏసుకుంటున్న. ఇగ నాకిది ఎందుకు? ఎవరికన్న పనికొస్తదేమో, ఉంచు."

ఆయన వెళ్లాక ఆంప్లిఫయర్‌కు తగిలించి వాయించాను. అది గిటార్ నాదమా? దోమ ఏడ్చినట్టుంది. విప్పి చూస్తే రెండో కాయిల్ మొదలూ చివరా తారుమారు. విడివిడిగా తడితే రెండూ పలుకుతాయి, కలిసి మోగితే ఒకదాని నాదాన్ని రెండోది మింగేస్తోంది. ఎర్ర వైర్లు రెండు మార్చి అతికించడానికి పది నిమిషాలు పట్టలేదు. మళ్లీ మీటితే పక్క కొట్లో దర్జీ మిషన్ ఆపి తొంగి చూశాడు.

ఆదివారం గిటార్, చిన్న ఆంప్లిఫయర్ రిక్షాలో వేసుకుని నాంపల్లి వెళ్లాను. దారంతా ఒకటే మాట వల్లె వేసుకున్నాను: సార్, తప్పు నాది, మీ చెవులది కాదు.

లోపలికి వెళ్లి ఆంప్లిఫయర్‌కు తగిలించగానే ఆయన గిటార్ అందుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే మీటాడు. మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"ఏమే, గిటు రా! వినవడ్తున్నది! మందు పనిజేసింది!"

ఆయన భార్య వంటింట్లోంచి పరుగున వచ్చి, కొంగుతో కళ్లొత్తుకుంది. ఆయన గూట్లోంచి మందు సీసా తీసి నాకు చూపించాడు.

"దవాఖానల డాక్టర్ చెవులు మంచిగనే ఉన్నయన్నడు. ఆయనకేం ఎరుక! నువ్వు చెప్పినవ్ గద అని నేనే బతిమాలి రాయించుకున్న. నువ్వు చెప్పకపోతే నా గతేంది తమ్మీ?"

చెప్పు దెబ్బ తిన్నా అంత సిగ్గుపడి ఉండను. ఆవిడ నాకు ఛాయ్ తెచ్చి, చల్లగా ఉండు నాయనా అని దీవించింది.

"మరి ఆర్కెస్ట్రాకు వెళ్తారుగా సార్?" అన్నాను. అదొక్కటి జరిగితే నా పాపం సగమైనా తీరుతుందని ఆశ.

"వద్దు తమ్మీ. ఒక్కసారి పోయిన చెవులు. నడి పెండ్లిల మల్ల పోతే? ఒకరి పెండ్లి ఎందుకు ఖరాబ్ చెయ్యాలె?"

ఒక్క మాట చాలు. వైర్లు తప్పు కలిపింది నేనే అంటే ఆయన మర్నాడే వెళ్లి తన కుర్చీలో కూర్చునేవాడు. ఛాయ్ తాగినంతసేపూ ఆ మాట నోట్లోనే ఉంది. కప్పు కింద పెట్టి లేచి, "మందు మాత్రం మానకండి సార్" అని చెప్పి వచ్చేశాను.