పంది తవ్విన నీళ్లు

చంద్రగిరి దాటి, తారు రోడ్డు అయిపోయిన చోట జీపు మమ్మల్ని దించి వెనక్కి పోయింది. ఏప్రిల్ నెల. పొద్దు అప్పటికే నెత్తికెక్కింది. ఎదురుగా శేషాచలం, అన్నీ బండలే. గాలి లేదు. ఆ కొండ మనిషిని రమ్మనే రకం కాదు.

పటాలంలో పదిహేడేళ్లు చేసి, ఇంటికొచ్చినాక ఎర్రచందనం కాపలా దళంలో చేరినాను. ఎడారిలో కాపు కాసినోడికి మన కొండలొక లెక్కా అనుకున్నాను.

మేం ముగ్గురం. టీం లీడరు రేణిగుంట మనిషి, మాట కటువు. వైర్‌లెస్ ఆపరేటరుది పలమనేరు, ఇంట్లో పాడి ఆవులు. మనిషికి రెండు సీసాల నీళ్లు, అటుకులు, బెల్లం. అందరికీ కలిపి ఒక రైఫిలు. ఏటి మలుపు పైన కూర్చోవాలి. దుంగలు మోసేవాళ్లు కనబడితే కిందికి చెప్పాలి. నిప్పు పెట్టరాదు. మూడో రోజు పొద్దున వేరే టీం వస్తుంది. అదీ ఆర్డరు. నీళ్లకు ఊట ఉండాదని మ్యాపులో గుర్తు పెట్టి ఇచ్చినారు.

పోయి చూస్తే ఊటలో ఎండుటాకులు, ఒక చచ్చిన తొండ.

ఆపరేటరు సెట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఊట ఎండిపోయిండాది సార్. నీళ్లు పంపించండి."

కాసేపటికి జవాబొచ్చింది. "మనుషులు లేరు. సర్దుకోండి. పోస్టు వదలద్దు."

లీడరు పక్కకు తిరిగి ఉమ్మబోయినాడు. నోట్లో తడి లేదు.

మరుసటి మధ్యాహ్నానికి సీసాలు ఖాళీ. ఆపరేటరుకు చెమట పట్టడం ఆగిపోయింది. ఒళ్లు పెనంలా కాలతా ఉండాది. "అన్నా, ఆవుల్ని నీడకు కట్టినారా?" అని నన్నడిగినాడు.

"కట్టినాం లేప్పా."

లీడరును పక్కకు పిలిచి చెప్పినాను. "నీళ్లు దొరక్కపోతే చచ్చిపోతాడు సార్."

"యాడుండాయి నీళ్లు? నీకు తెలుసునా?"

నేను ఆకాశం వైపు చూపించినాను. గువ్వలు జతలు జతలుగా, యాడా వాలకుండా, ఒకే దిక్కుకు పోతా ఉండాయి. గింజలు తినే పిట్ట పొద్దు వాలేలోపు నీళ్లు తాగాల్సిందే. ఎడారిలో ఉన్నప్పుడు తెలుసుకున్న సంగతి అది. ఖాళీ సీసాలు తీసుకుని ఆ దిక్కుకే దిగినాను.

ఎండిన ఏరు. ఇసకలో మోకాలి లోతు గుంట, అడుగున బురద నీళ్లు. గుంట తవ్విన అడవి పంది ఆడనే ఉండాది, పిల్లలతో. నన్ను చూడగానే మెడ మీద వెంట్రుకలు లేపి మీదికొచ్చింది. రైఫిలు పైన లీడరు కాడ ఉండాది. బండెక్కినాను. కాలు కిందికి పెట్టినప్పుడల్లా మళ్లా వచ్చింది. పైన మనిషి చావబోతా ఉండాడు, ఈడ ఇది దిగనీదు. ఆ పంది మీద వచ్చినంత కోపం సరిహద్దులో కూడా ఎవురి మీదా రాలేదు నాకు.

వేరే దారి లేక చూస్తా కూర్చున్నాను. ముందు పిల్లలు తాగినాయి. తర్వాత తల్లి తాగింది. తాగిందే ఆలస్యం, పొదల్లోకి పోయినాయి. ఆ వెనకే ఒక దుప్పి వచ్చింది. చాలాసేపు చెవులు రిక్కించి నిలబడి, నాలుగు గుక్కలు తాగి, అదీ పోయింది. గుంట పక్కన మంచి నీడ ఉండాది. ఏదీ పండుకోలేదు. దిగి చూస్తే ఇసకలో చిరుత అడుగులు.

తుండుగుడ్డలో వడగట్టి సీసాలు నింపుకొని పైకొచ్చినాను. ఆపరేటరు తల, చంకలు తడిపి, కొంచెం కొంచెంగా తాగించినాం. కళ్లు తెరిచినాడు.

"ముగ్గురం ఆ గుంట కాడికే పోదాం," అన్నాడు లీడరు. "నీడ కూడా ఉండాదంటివి."

"వద్దు సార్. ఆడ ఏదీ నిలబడలేదు. తాగేది, పోయేది. మనమూ అంతే."

తిట్టినాడు. కానీ కదల్లేదు.

ఇంకా వెలుతురుండగానే మాటలు వినబడినాయి. ఏడెనిమిది మంది, భుజాల మీద దుంగలు, చేతుల్లో గొడ్డళ్లు, నేరుగా గుంట కాడికే దిగినారు. ఇసకలో నా బూటు గుర్తులు చూసినారు. "వెళియ వాంగడా," బయటికి రండిరా అని ఒకడు తమిళంలో అరిచినాడు. తర్వాత పైకి, మేమున్న పొదల్లోకి రాళ్లు విసిరినారు. ఒకటి లీడరు భుజానికి తగిలింది. ఆయన చెయ్యి, మూలుగుతా ఉండిన ఆపరేటరు నోటి మీద ఉండాది. ఆ చెయ్యి తియ్యలేదు, శబ్దం చెయ్యలేదు. పొదలో కుందేలు మాదిరి అణిగి ఉన్నాం.

వాళ్లు కడుపునిండా తాగినారు. మాకు దక్కకూడదని గుంటను రాళ్లతో పూడ్చి పోయినారు. దూరం పోయినాక లీడరు సెట్టులో వాళ్ల దిక్కు చెప్పినాడు. కింద పట్టుకున్నారో లేదో మాకెవురూ చెప్పలేదు.

పొద్దున వేరే టీం వచ్చింది. ఆపరేటరును దుప్పటిలో మోసుకుని దిగినాం. తిరుపతి ఆసుపత్రిలో బతికినాడు. ఉద్యోగం వదిలి ఆవుల కాడికే పోయినాడు. ఆ ఎండాకాలం దాటినాక నేనూ మానేసినాను. ఊర్లో అందరూ ఒకటే అడుగుతారు, చిరుతను చూసినావా అని. చూడలేదు.

నా కంట్లో నిలిచిపోయింది వేరే. ఆ పొద్దున దిగేటప్పుడు ఏటి దగ్గరికి వస్తే, పూడ్చిన రాళ్లు అట్లే ఉండాయి. పక్కనే పంది కొత్తగా తవ్వతా ఉండాది. ముట్టె చీరుకుపోయి ఇసక ఎర్రగా అయిపోయింది. పిల్లలు వెనక నిలబడుండాయి. మమ్మల్ని చూసి వెంట్రుకలు లేపింది గానీ తవ్వడం ఆపలేదు. మనిషిని మోసుకుంటా మేం చుట్టు తిరిగి పోయినాం.