కదలకుండా నిలిచిన పెట్టె

గాంధీపురం బస్టాండులో, మదురై బస్సు కదలబోయే ముందు, నా నిఘంటువు కాగితాలున్న అట్టపెట్టె అడుగు ఊడిపోయింది. "ఇట్లయితే ఎక్కించను" అన్నాడు కండక్టర్. కంగారులో ప్లాస్టిక్ తాడు చుట్టి, బలమంతా పెట్టి లాగాను. తాడు అట్టను కోసుకుంటూ లోపలికి దిగింది.

కారమడై నుంచి కరివేపాకు కట్టలు తెచ్చిన ఒక పెద్దామె పక్కనే కూర్చుని చూస్తోంది. జారిపడిన కాగితం అందించి, "తెలుగా ఇది? మేం ఇంట్లో మాట్లాడతాం, చదివేదానికి రాదు" అంది. తర్వాత నా తాడు తీసి పారేసింది.

"అంత బిగిస్తే నలిగిపోతాది అమ్మణీ. ఆకైనా అట్టైనా కదలకుండా నిలిస్తే చాలు."

తన కట్టల్లోంచి తడి అరటినార లాగి, పెట్టెకు అటూ ఇటూ చుట్టి ముడేసింది. కండక్టర్ ఆ ముడి పట్టుకునే పెట్టెను పైకెత్తాడు. ఒక్క కాగితం జారలేదు.

బస్సులో నోటుబుక్కు తెరిచాను. 'ఫాసెన్' (fasten) అనే ఇంగ్లీషు క్రియ దగ్గర మూడు రోజులుగా ఆగిపోయి ఉన్నాను. దానికి మూలమైన 'ఫాస్ట్' అనే మాటకు మొదట వేగమని కాదు, స్థిరమని అర్థం. గడియకూ, గుండీకీ, ఒకచోట నిలిపిన చూపుకూ సరిపోయే తెలుగు నాకు దొరకలేదు. 'బిగించు' కొట్టేసి, 'కదలకుండా నిలుపు' అని రాశాను. మదురై వచ్చేదాకా నా ముఖాన నవ్వు చెరగలేదు.

నిఘంటువు అచ్చయింది. తెలుగు చదవడం రాని ఆమె మాటే ఆ పదానికి మొదటి అర్థం.