తిమింగలం గ్యారంటీ

ఇప్పటివాళ్ళు ఎక్కడికి పోవాలన్నా ముందు ఫోనులో చుక్కలు చూసుకుంటారు. ముక్కూ మొహం తెలియని మహానుభావుడెవరో "బాగుంది" అని ఐదు చుక్కలు పెడితే బయల్దేరతారు, రెండే పెడితే మానేస్తారు. మా కాలంలో చుక్కలు ఆకాశంలో మాత్రమే ఉండేవి. ఏదైనా ఎంచుకోవాల్సి వస్తే నలుగురం కూర్చుని ఒక మనిషిని ఎంచుకునేవాళ్ళం, వాడు వెళ్ళి మిగతాది ఎంచుకుని వచ్చేవాడు. ఈ పద్ధతిలో ఒక సుఖం ఉంది, పని చెడితే తిట్టడానికి ఎదురుగా ఒక మొహం ఉంటుంది. ఎనభైల నడుమ ఒక చలికాలంలో, బొంబాయి కామాటిపురాలోని మా తెలుగు చాల్, అంటే గదికో సంసారం ఉండే మేడ, మొత్తానికీ ఆ మొహం నాదే అయింది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నాగ్‌పాడాలో లారీల రేడియేటర్లు బాగుచేసే వర్క్‌షాపులో టైపిస్టుని. రోజుకు నాలుగు ఇంగ్లీషు ఉత్తరాలు కొట్టేవాణ్ణి. నాలుగింటిలోనూ "తమరు దయచేసి తగు చర్య తీసుకోగలరు" అనే ఒకే వాక్యం ఉండేది. ఆ ఒక్క వాక్యం మహిమవల్ల చాల్‌లో నేను పండితుణ్ణి. రేషను కార్డు అర్జీలు, బడి నుంచి వచ్చిన చీటీలు, మందు సీసాల మీది అక్షరాలు అన్నీ నా దగ్గరికే వచ్చేవి. (మందు సీసా మీద ఏముందో నాకూ తెలిసేది కాదు. "భోజనం తర్వాత రెండు చెంచాలు" అని చెప్పి పంపేవాణ్ణి. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు.) బయటివాళ్ళు ఎవరైనా ఇల్లెక్కడని అడిగితే మాత్రం నాగ్‌పాడా అనే చెప్పేవాణ్ణి. పక్క సందుల్లోని వేశ్యావాటిక వల్ల, కామాటిపురా అనగానే ఎదుటివాడి కనుబొమ్మలు పైకి లేచే తీరు నాకు నచ్చేది కాదు. మా తాతలు పాలమూరు నుంచి వచ్చి ఈ నగరానికి రాళ్ళెత్తితే కామాటీలన్న వాళ్ళ పేరే ఆ పేటకు వచ్చిందన్న ముక్క, ఆ లేచిన కనుబొమ్మలకు ఎట్లా చెప్పాలో తెలిసేది కాదు.

గొడవంతా పక్క గల్లీ సంఘం వాళ్ళు తెచ్చిపెట్టారు. వాళ్ళ సభ్యులందర్నీ ఒక ఆదివారం విమానాశ్రయం గోడ దగ్గరికి తీసుకుపోయి విమానాలు చూపించి తీసుకొచ్చారు. ఆ మర్నాటి నుంచి నల్లా దగ్గర మా ఆడవాళ్ళకు బతుకు లేకుండా పోయింది. "మా నెత్తి మీదికెళ్లే పోయిందక్కా, గింత పెద్దది!" అని వాళ్ళు బిందెలు వదిలేసి చేతులు చాపి చూపించేవాళ్ళు. మా సంఘానికి ఇది ప్రతిష్ఠ సమస్య అయింది. అధ్యక్షుణ్ణి మేము ప్రెసిడెంటు మామ అనేవాళ్ళం. రంగుల పని మేస్త్రీ. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. సంఘానికున్న ఒకే ఒక కుర్చీ ఆయనింటిది, అంతే.

అట్లాంటి సమయంలో మంగలి షాపులో మరాఠీ పేపరు చూసి ఎవరో వార్త మోసుకొచ్చారు. ఉత్తరాన, విరార్ దాటాక, ఒక రేవు ఊరి దగ్గర సముద్రంలో తిమింగలం కనిపిస్తోందట, పడవల వాళ్ళు జనాన్ని తీసుకుపోయి చూపిస్తున్నారట. మరాఠీలో తిమింగలాన్ని దేవమాసా అంటారు, అంటే దేవుని చేప. ఆ మాట వినగానే ప్రెసిడెంటు మామ కుర్చీలోంచి లేచాడు. "ఇమానం మనిషి చేసిండు. దీన్ని దేవుడు చేసిండు. సూద్దాం, ఎవలది పెద్దదో!" అన్నాడు.

రావడానికి అందరికంటే ముందు చెయ్యెత్తింది మా అవ్వ, మా నాయన తల్లి. అప్పటికి డెబ్భై దగ్గర పడింది. అందరూ నవ్వారు.

"నవ్వుతరేందిరా?" అంది అవ్వ. "నా పడుచుతనమంత గంపలల్ల మట్టి మోసి గీ సముద్రాన్ని పూడ్సిన. దినాం దాన్ని సూసిన. ఒక్కనాడన్న దానిమీద కూసున్ననా?"

నవ్వులు ఆగాయి. మామ నావైపు తిరిగి, "నువ్వు ముందుగాల పోయి మంచి పడవ సూసి రా. సదువుకున్నోనివి. ఇంగ్లీషుల అడుగు. ఇంగ్లీషుల అడిగితె అబద్దం చెప్పనీకి బయపడ్తరు" అన్నాడు.

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. మధ్యాహ్నం తిండి మానేసి వర్క్‌షాపు టైపు మిషను మీద పన్నెండు ప్రశ్నల పత్రం తయారుచేశాను, కార్బను పెట్టి మూడు ప్రతులు. "తిమింగలం ఎన్ని గంటలకు వచ్చును?" "ఎంత దూరంలో నిలుచును?" "కనిపించనిచో బాధ్యులెవరు?" ఇట్లాంటివి. నూటికి మార్కులు వేయడానికి పక్కన గడి. బ్యాండు మేళంలో బూర ఊదే ఒకాయన దగ్గర టై అడిగి కట్టుకుని, గ్రాంట్ రోడ్‌లో లోకల్ రైలు ఎక్కి, విరార్‌లో దిగి, ఎర్రబస్సు పట్టుకుని ఆ ఊరు చేరాను. రేవంతా ఎండుచేపల వాసన. టై కట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి కుక్కలు కూడా నన్ను గౌరవంగా చూశాయి.

మొదటి పడవ ఒక రిటైరైన మాస్టారిది. ఆయన దగ్గర దుర్భిణి ఉంది, కాని ఒక వైపు అద్దం లేదు. "ఒక కన్ను మూసుకుంటే సరి" అన్నాడు. నా ప్రశ్నపత్రం పక్కన పెట్టి, తిమింగలం చేపే కాదని, పిల్లల్ని కని పాలిచ్చే జంతువని ముప్పావుగంట పాఠం చెప్పాడు. దేవుని చేప చేప కాదని, పైగా అది పాలిస్తుందని మా చాల్‌కు వెళ్ళి చెప్పే ధైర్యం నాకు లేదు. నలభై మార్కులు వేసి లేచాను.

రెండో పడవ ఒక కోలీ, అంటే అక్కడి జాలరి, ముసలామెది. అందరూ మావశీ, అంటే పిన్నీ, అని పిలుస్తున్నారు. చిరిగిన వలను కాలి బొటనవేలికి తగిలించుకుని కుట్టుకుంటోంది. నేను మరాఠీలోనే మొదటి ప్రశ్న చదివాను. తిమింగలం ఎన్ని గంటలకు వస్తుంది?

ఆమె తలెత్తలేదు. "ఎనిమిది నలభై లోకల్ అనుకున్నావా?"

"కనిపిస్తుందని రాసిస్తారా?"

ఈసారి తలెత్తి, నన్నూ నా టైనీ చూసింది. "నలభై ఏళ్ళు నా మొగుడు సముద్రంలోకి పోయాడు బాబూ. సాయంత్రానికి తిరిగొస్తాడని ఒక్కరోజు కూడా నాకెవరూ రాసివ్వలేదు. చేప సంగతి నేనెట్లా రాసిస్తాను? కనిపిస్తే కనిపిస్తుంది. లేకుంటే గాలి పీల్చుకుని వస్తారు."

సున్నా వేశాను. పక్కన ఇంగ్లీషులో "సహకరించలేదు" అని కూడా రాశాను.

మూడోవాడి పేరేదో నాకు ఇప్పటికీ తెలియదు, మేమంతా గ్యారంటీ సేఠ్ అన్నాం. రేవు మొదట్లోనే పెద్ద బోర్డు, దాని మీద తిమింగలం బొమ్మ. (గీసినవాడు ఏనుగును చూసివుంటాడు గాని తిమింగలాన్ని చూసివుండడు. పైగా దానికి కనురెప్పల వెంట్రుకలు కూడా పెట్టాడు.) కింద ఎర్ర అక్షరాలతో "గ్యారంటీ". నన్ను చూడగానే సేఠ్ కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. "సాబ్, సవాల్ హీ నహీ, అనుమానమే లేదు! దేవమాసా కనపడకపోతే రెండో రౌండు ఫ్రీ" అన్నాడు. పన్నెండు ప్రశ్నల కిందా చదవకుండా సంతకాలు పెట్టాడు. ఆఖరున సొరుగు లాగి రబ్బరు స్టాంపు తీసి టపీమని గుద్దాడు. టైపిస్టు మనసు స్టాంపు చప్పుడుకు ఎట్లా కరుగుతుందో మీకు తెలియదు. తొంభై ఎనిమిది మార్కులు వేశాను. టీలో చక్కెర తక్కువైందని రెండు తగ్గించాను, లేకుంటే పక్షపాతమంటారు.

తర్వాతి ఆదివారం ఇరవై ఎనిమిది మందిమి బయల్దేరాం. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పులుసన్నం డబ్బాలు, దేవుని చేప కాబట్టి పసుపు, కుంకుమ, ఊదుబత్తీలు, ఒక కొబ్బరికాయ. అవ్వ తన ఒకే ఒక్క పట్టుచీర కట్టింది. పడవ కదిలాక అందరూ అరిచారు, ఆమె మాత్రం అంచు మీంచి చెయ్యి దించి నీళ్ళు తాకి, ఆ చేతిని కళ్ళకు అద్దుకుంది. ఇదంతా నా ఎంపిక వల్లే కదా అనుకున్నాను. (ఆ వయసులో సముద్రాన్ని కూడా నేనే టైపు చేశాననుకునే రకం.)

అరగంట పోయాక సేఠ్ ఇంజను నెమ్మది చేసి, "వో దేఖో!" అని వేలు చూపించాడు. నిజమే. కొంచెం దూరంలో నీళ్ళ మీద నల్లటి, నున్నటి వీపు! అల వచ్చినప్పుడల్లా మునుగుతోంది, అల పోగానే లేస్తోంది, పక్కనుంచి తుంపర చిమ్ముతోంది. పడవంతా చేతులు జోడించింది. ఊదుబత్తీలు వెలిగించబోతే గాలికి వెలగలేదు. ప్రెసిడెంటు మామ లేచి నిలబడి, "సోదర సోదరీమణులారా, ఇయ్యాల మన గల్లీ..." అని మొదలుపెట్టి, అల వచ్చి కూలబడ్డాడు. నా వీపు తట్టినవాళ్ళను నేను లెక్కపెట్టుకుంటున్నాను.

"గది రాయి" అంది అవ్వ.

"ఓ ముసలామె, చుప్! దేవునికి కోపమొస్తది" అన్నారెవరో.

"నలభై ఏండ్లు రాళ్లు కొట్టిన. రాయిని సూస్తె నాకు ఎరుకైతలేదా? నల్లరాయి. సుత్తె దెబ్బకు అడ్డంగ పగుల్తది."

"దేవమాసా హై, అమ్మా! నిద్రపోతోంది, అందుకే కదలటం లేదు" అన్నాడు సేఠ్.

సందేహం తీర్చాలనో, భక్తి ఆగకనో, ప్రెసిడెంటు మామ పడవను ఇంకొంచెం దగ్గరికి పోనిమ్మని, కొబ్బరికాయను రెండు చేతులా ఎత్తి, మొక్కి, దేవుని చేప వైపు విసిరాడు. విసురు బాగానే పడింది. టప్ మని కాయ రెండు చెక్కలై తెల్లగా తేలింది.

సేఠ్ గొంతు సవరించుకుని, "చాలా ముసలిది సాబ్, చర్మం గట్టిపడింది" అన్నాడు. అందరూ నావైపు చూశారు. నేను చొక్కా జేబులోని స్టాంపు కాగితం వైపు చూశాను. అప్పుడు ప్రెసిడెంటు మామ మెల్లగా, తీర్పు చెప్పినట్టు అన్నాడు: "కాయ మంచిగ పగిలింది. కుళ్లలే. దేవుడు మొక్కు అందుకున్నట్టే." ఆ మాటతో ఇరవై ఆరుగురి ఊపిరి తిరిగొచ్చింది. నల్లా దగ్గర ఎదుర్కోవాల్సిన మొహాలు అందరికీ గుర్తొచ్చి ఉంటాయి. రాయి చూసి వచ్చామని ఏ మొహంతో చెబుతాం?

వచ్చేటప్పుడు అలలు పెరిగాయి. పులుసన్నం తిన్నవాళ్ళు తిన్నట్టే పడవ అంచులకు వేలాడారు. వాళ్ళలో మొదటివాణ్ణి నేనే. అంతలో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. దానికి గ్యారంటీ లేదని అప్పుడు తెలిసింది. కేకలు వేస్తుంటే చివరికి వచ్చింది మావశీ పడవ. తాడు విసిరి కట్టించింది, ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. "ముసలామెను ఇటు పంపండి, నా పడవ తక్కువ ఊగుతుంది" అంది. ఇద్దరు పట్టుకుని అవ్వను దాటించారు. పొడుగాటి తాడు చివర మా పడవ బర్రెలా వెనక నడిచింది.

ముందు పడవలో ఆ ఇద్దరు ముసలివాళ్ళూ పక్కపక్కన కూర్చుని మరాఠీలో ముచ్చట్లు పెట్టారు. మావశీ ఏదో అడిగినట్టుంది, అవ్వ గొంతు గాలికి తేలివచ్చింది. "కామాటిపురా! మేం కట్టిందే. కట్టినకాడనే ఉంటున్నం." మావశీ కనుబొమ్మలు నాకు అంత దూరం నుంచి కనపడలేదు గాని, తన డబ్బాలోని తమలపాకు తీసి సున్నం రాసి ఇవ్వడం కనపడింది. కొంతసేపటికి ఇద్దరూ ఒక్కసారి లేచి నిలబడి చేతులు ఊపారు. ధైర్యం చెబుతున్నారనుకుని నేనూ ఓపిక తెచ్చుకుని చెయ్యి ఊపాను. వాళ్ళు ఇంకా గట్టిగా ఊపారు. నేనూ ఇంకా గట్టిగా ఊపి, మళ్ళీ అంచు మీదికి వంగాను.

తిరుగు రైలులో అందరూ అలసి నిద్రపోయారు. అవ్వ మాత్రం కిటికీ పక్కన కూర్చుని బయటికే చూస్తోంది. కోపమొచ్చిందనుకుని, "తప్పయింది అవ్వా, మోసపోయిన" అన్నాను.

"సూసిన" అంది.

"ఏంది?"

"దాన్నే. నీకు సూపిద్దమని ఎంత చెయ్యి ఊపినం! నువ్వు తిరిగి మాకే చెయ్యి ఊపితివి." నవ్వింది. "మన చాల్ మెట్లకాడి నుంచి నల్లా దాక ఉంటది. పైకొచ్చింది, ఊపిరి ఇడిసింది. పొద్దంత మూటలు మోసి దించినంక మనిషి ఇడుస్తడు సూడు, గట్లనే. మల్ల మునిగిపోయింది."

అందర్నీ లేపి చెబుతానని లేవబోయాను. చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఉండనియ్యిరా. వాళ్లకు వాళ్ల రాయి ఉన్నది కద."

మర్నాడు సంఘం సమావేశంలో, తిమింగలాన్ని దర్శించినట్టు ఏకగ్రీవంగా తీర్మానించారు. రిపోర్టు రాసే పని నాదే. ఇంగ్లీషులో రాయమన్నాడు ప్రెసిడెంటు మామ. ఇంగ్లీషులో ఉంటే నమ్ముతారు, పైగా చదవరు. నిజం రాస్తే చాల్ మొత్తం నల్లా దగ్గర తలెత్తుకోలేదు, నా తొంభై ఎనిమిది మార్కులూ గల్లంతవుతాయి. రాయకపోతే... రాయకపోతే ఏమీ కాదు. అదే నన్ను పట్టి పీడించింది. చివరికి టైపు మిషను ముందు కూర్చుని, కింది ఇరవై ఎనిమిది మంది తిమింగలాన్ని చూచిరి అని కొట్టి, వరసగా పేర్లు కొట్టాను. నా పేరు కొట్టేటప్పుడు రిబ్బను రెండుసార్లు చిక్కుకుంది.

కాగితం మెట్ల పక్కన అతికించాక అవ్వ వచ్చి, చదివి వినిపించమంది. తలవంచుకుని తెలుగులో చెప్పాను.

"నా పేరు ఉన్నదా?"

"ఉంది, ఏడోది."

కాసేపు ఆ కాగితం వైపే చూసి, "పోనీలే, ఇరవై ఎనిమిది మందిల ఒక్కదాని సంగతన్న నిజం రాసినవ్" అని బిందె చంకనెత్తుకుని నీళ్ళకు వెళ్ళిపోయింది.

ఆ వాన కాలం వచ్చేదాకా కాగితం గోడ మీదే ఉంది. పక్క గల్లీ వాళ్ళు వచ్చి చూసి, తలలూపి, వెళ్ళి తమ ప్రెసిడెంటును నిలదీశారట. రోజూ పనికి పోతూ దాని ముందు ఒక్క క్షణం ఆగేవాణ్ణి. సిగ్గుపడ్డానని చెబితే మీకు నచ్చుతుంది గాని, అది నిజం కాదు. మొత్తం కాగితంలో ఒక్క స్పెల్లింగు తప్పు కూడా లేదని చూసుకుని, ఎంతో గర్వంగా మెట్లు దిగేవాణ్ణి.