అమ్మమ్మ మంట, నా మంట

నా చిన్నప్పుడు మిషిగన్ చలికాలమంటే కిటికీ అద్దాల మీద పట్టిన ఆవిరే. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. ఒక ఏడు మా అమ్మమ్మ ఇండియా నుంచి ఆరు నెలలు మాతో ఉండడానికి వచ్చింది. పొద్దున్నే ఆమె బార్లీ జావ కాస్తుంటే వంటగది అంతా తెల్లగా మసకబారిపోయేది. ఇప్పటికీ ఆ రోజులు నాకు ఆ మసకలోంచే కనిపిస్తాయి.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బడిలో బాత్రూమ్ గడియ సరిగా పడేది కాదు. ఎవరైనా తోసుకుని వచ్చేస్తారేమోనని రోజంతా ఆపుకునేదాన్ని. అసలు అవసరమే రాకూడదని, అమ్మ నింపి ఇచ్చిన నీళ్లసీసాను మధ్యాహ్నం మంచులో ఒంపేసేదాన్ని. ఎంత తెలివైనదాన్నో అని నాలో నేనే మురిసిపోయాను కూడా. కొన్నాళ్లకే ఒంటికి వెళ్తే మంట మొదలైంది.

సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. బాత్రూమ్‌లో కొళాయి తిప్పుకుని ఏడుస్తున్నానని అమ్మమ్మ మాత్రం పసిగట్టింది. వేడి చేసిందని తేల్చేసి బొడ్డులో ఆముదం రాసింది, జావ తాగించింది. కాస్త చల్లబడ్డట్టే ఉండేది. మూడో రోజు చలిజ్వరం, నడుంనొప్పి వచ్చేశాయి. అమ్మ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే అమ్మమ్మ తానూ వస్తానని పట్టుబట్టింది.

డాక్టరమ్మ ఎంత నెమ్మదిగా అడిగినా నేను నోరు విప్పలేదు. అమ్మ బతిమాలింది, కసిరింది. నేను కిటికీ అవతల రాలుతున్న మంచునే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నాకు ఇంగ్లీషు రాదు కదమ్మా, నా బాధ నువ్వే చెప్పిపెట్టు. నాకు ఒంటికెళ్తే మంట. దూరం వెళ్లేప్పుడు కారాపమని మీ నాన్నని అడగలేను, అల్లుడాయె. బిగబట్టుకుంటాను. అందుకే బయల్దేరేముందు నీళ్లు కూడా తాగను."

ఒక్కొక్క మాటే ఇంగ్లీషులో చెప్పాను. అమ్మమ్మ బాధ కాబట్టి నాకు సిగ్గనిపించలేదు. చెబుతూ చెబుతూ ఎప్పుడు నా బాధలోకి వచ్చానో నాకే తెలియదు. గడియ సంగతి, మంచులో ఒంపిన నీళ్లు, అన్నీ బయటపడ్డాయి. అమ్మ కళ్లు తుడుచుకుంది.

డాక్టరమ్మ ఇద్దరికీ చెరో కప్పు ఇచ్చి మూత్రపరీక్షకు పంపింది. నీళ్లు తాగక, ఆపుకుంటూ ఉంటే మూత్రనాళంలో క్రిములు తిష్ఠ వేస్తాయనీ, అవి కిడ్నీల దాకా పాకితే ఇలా జ్వరం వస్తుందనీ చెప్పింది. జావ తాగొచ్చు గానీ అది మందు కాదంది. మంట తగ్గిపోయినా సరే, రాసిచ్చిన మందు చివరి మోతాదు దాకా తాగాలంది. గడియ బాగు చేయించమని బడికి చీటీ కూడా రాసింది.

తిరిగొస్తుంటే అమ్మ నవ్వింది. "భలే నాటకం ఆడావమ్మా!" అంది అమ్మమ్మతో. అమ్మమ్మ బయటికి చూస్తూ కూర్చుంది.

రెండు రోజుల తర్వాత క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. అమ్మమ్మకీ ఇన్ఫెక్షనే. ఆమె చెప్పిన ప్రతి మాటా నిజమే. ఎంతకాలంగా ఓర్చుకుందో కన్నకూతురికే తెలియదు. తన కోసమైతే ఎన్నటికీ చెప్పేది కాదు, నా కోసం చెప్పింది.

నాకిప్పుడు ముప్ఫై దాటాయి. పెద్దవాళ్లను ఎక్కించుకుని దూరం డ్రైవ్ చేసేటప్పుడు, వాళ్లు అడిగేదాకా ఆగను. నాకే బాత్రూమ్‌కి వెళ్లాలని చెప్పి కారు ఆపుతాను. వెనక సీట్లో వాళ్లు నాకంటే ముందే దిగుతారు.